ఒంటిగంటా పదిహేనుకు ఎర్రకల్లంలో పరుగు

మందుల టపా ఉద్యోగం: అభ్యర్థి శిక్షణ పుస్తకం
అభ్యర్థి: శేషారత్నం, వయసు ఇరవై రెండు
వార్డు: ఎర్రకల్లం
పరీక్ష: నాలుగు కిలోమీటర్లు, ఇరవై రెండు నిమిషాలలోపు. ఖాళీ ఒక్కటే.
గమనిక: పరిగెత్తిన వేళ, దూరం, నాడి రోజూ రాయవలెను. వ్యాఖ్యలు మూడు పంక్తులకు మించరాదు.

రోజు 1

వేళ: లేదు. దూరం: లేదు. నాడి: కూర్చునే నూట పది, కోపం వల్ల.

వ్యాఖ్య: పరిగెత్తకుండానే మొదటి రోజు పూర్తయింది. కారణం మూడు పంక్తుల్లో పట్టదు. పక్క అంచుల్లోకి వెళ్తున్నాను, అవసరమైతే అట్ట మీదికి కూడా వెళ్తాను. ఈ పుస్తకం చూసే నీడ శాఖవారు మన్నించాలి. మన్నించకపోయినా రాస్తాను.

ఈ పుస్తకం లోపలి అట్ట మీద 'అభ్యర్థి తన శరీరానికి అనువైన వేళను తానే ఎంచుకొనవలెను' అని అచ్చు వేశారు. ఎంచుకొనవలెను! ఎంత మర్యాద! పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా గొడుగు కింద తప్ప ఎక్కడ పరిగెత్తినా శాఖ కట్టిన చేతిపట్టీ ఈల వేస్తుంది, పరుగు చెల్లదు. గొడుగు అని మేం పిలుచుకునేది బెలూన్లకు కట్టి, తాళ్ళతో వార్డు నుంచి వార్డుకు లాక్కుపోయే ఆ బూడిదరంగు గుడ్డని. ఊరికి అది ఒక్కటే. వార్డులు ఆరు. మా ఎర్రకల్లానికి అది మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేనుకు వస్తుంది, రెండింటికి పోతుంది. నా శరీరానికి ఏ వేళ అనువో నన్ను అడక్కముందే గుడ్డ తేల్చేసింది.

ఈ ఎండలకి పగలు పడుకుని రాత్రిళ్ళు పనిచేసే మాకు ఒంటిగంటా పదిహేను అంటే ఊరు ఊరంతా మొద్దునిద్రలో ఉండే సమయం. నేను సాయంత్రం ఏడు నుంచి రాత్రిబడిలో భౌతికశాస్త్రం చెప్పి, పొద్దున్నే ఇల్లు చేరి, ఎనిమిదింటికి పడుకుంటాను. నిద్ర మధ్యలో లేచి నలభై మూడు డిగ్రీల నీడలో పరిగెత్తమని ఏ శాస్త్రం చెప్పింది? చెప్పిన శాస్త్రవేత్తను నా ముందు నిలబెట్టండి. చిన్న ప్రశ్నలే అడుగుతాను.

రోజు 2

వేళ: తెల్లవారుజాము నాలుగున్నర. దూరం: మూడు వందల మీటర్లు. నాడి: చూసుకునే తీరిక దొరకలేదు.

వ్యాఖ్య: నిబంధన ప్రకారం ఆరుకు ముందు ఎక్కడైనా పరిగెత్తవచ్చు. సంతోషం. అయితే ఆ వేళకి ఊళ్ళో ఉన్న ప్రాణులన్నీ రోడ్డు మీదే ఉంటాయి. కూరగాయల బండ్లు, బడి ఆటోలు, మిరప బస్తాల లారీలు, పెళ్ళి ఊరేగింపు ఒకటి. ఊరేగింపులో ఇరుక్కుని వంద మీటర్లు బ్యాండు మేళంతో పాటు నడిచాను. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పెళ్ళికూతురి బంధువు అనుకుని మజ్జిగ ఇచ్చారు. తాగాను. శిక్షణలో భాగంగా నమోదు చేయగలరు.

రోజు 4

వేళ: సాయంత్రం ఆరు. దూరం: గేటు దాకా. నాడి: నూట ముప్పై, పూర్తిగా అవమానం వల్ల.

వ్యాఖ్య: బంగ్లాల వార్డుకి గొడుగు సాయంత్రం అయిదున్నరకు వచ్చి ఏడు దాకా ఉంటుంది. గంటన్నర! ఎండ దిగిన తర్వాత! ఎండ లేనప్పుడు నీడ ఎందుకో వాళ్ళని అడిగినవాళ్ళు లేరు. పచ్చగడ్డి కూడా ఉంది. గేటు దగ్గర కాపలా ఆయన నా చేతిపట్టీ చూశాడు.

"ఎర్రకల్లమా? మీ నీడ మీకుందిగా అమ్మాయ్."

"ఉంది అన్నా, ఒంటిగంటా పదిహేనుకి."

"మరింకేం, ఆ వేళకి పరిగెత్తు."

"నిద్రపోయే వేళ కదన్నా."

"మరి నిద్రపో."

ఇంత తర్కబద్ధమైన మనిషిని కాపలాకి పెట్టారు, విశ్వవిద్యాలయంలో పెట్టకుండా. మేం మాట్లాడుకుంటుండగా కాళ్ళకి మేజోళ్ళు వేసుకున్న కుక్క ఒకటి మా మధ్యగా లోపలికి పరిగెత్తింది. దాని చేతిపట్టీ ఎవరూ చూడలేదు.

రోజు 7

వేళ: మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేను. దూరం: రెండు కిలోమీటర్లు. నాడి: నూట తొంభై. తుమ్ములు: పదిహేడు.

వ్యాఖ్య: ఓడిపోయి వచ్చిన దారికే వచ్చాను. మా వార్డులో నీడ వచ్చే వేళకి వీధి నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎరుపు. మధ్యలో అడుగు వెడల్పున కాలిబాట. ఆ కాలిబాట మీద, ఆ ఘాటులో, నోరు తెరిచి పరిగెత్తాలి. నోరు మూసుకుంటే గాలి అందదు, తెరిస్తే గొంతులో కారం. నీడ శాఖవారు ఊపిరి తీసుకోవడానికి మూడో మార్గం ఏదైనా కనిపెడితే తెలియజేయగలరు.

ఆ వేళకి మెలకువగా ఉండేది జాహ్నవి పిన్ని ఒక్కతే. (ఆవిడ తరంవాళ్ళకి అన్నీ ఇలాంటి నాజూకు పేర్లు. పాత పేర్లు మళ్ళీ ఫ్యాషనయ్యాక పుట్టాం కాబట్టి మేం శేషారత్నాలం, పుల్లారావులం.) వీధిలో అందరికన్నా ఎక్కువ కాయ ఆరబోసేది ఆవిడే. చీర కుచ్చిళ్ళు దోపి, కాయల్లో కాళ్ళు ఈడుస్తూ నడుస్తుంది. అలా నడిస్తే కాయ తిరగబడి రెండో వైపు ఆరుతుంది. నేను రెండో చుట్టులో తుమ్ముతూ పోతుంటే పిలిచింది.

"శేషూ, పరిగెడతన్నావా, తరుముతున్నారా?"

"శిక్షణ పిన్నీ!"

"ఎవరికి? నీకా, నా కాయలకా? అటేపు తొక్కావు చూడు. వెనక్కి రా. వచ్చి తిరగేసి పో."

తిరగేసి పోయాను. నాలుగు నిమిషాలు. దయచేసి దూరంలో కలపండి.

రోజు 9

వేళ: ఒంటిగంటా పదిహేను. దూరం: నాలుగు కిలోమీటర్లు, ఇరవై ఆరు నిమిషాల్లో. నాడి: నూట ఎనభై ఎనిమిది.

వ్యాఖ్య: నిన్న వారపు తనిఖీ జరిగింది. నీడ శాఖలో మా పుస్తకాలు చూసే రెహాన్ బాషా గారు ఎర్ర సిరాతో రెండు వాక్యాలు రాశారు. 'వ్యాఖ్యలు క్లుప్తంగా ఉండాలి. ఇంత కోపం ఉన్న అభ్యర్థి ఈ ఉద్యోగం ఎందుకు కోరుతున్నారో తెలపాలి.'

తెలుపుతున్నాను.

పోయిన ఏప్రిల్ ఇరవై మూడున మధ్యాహ్నం ఒంటిగంటకి జాహ్నవి పిన్ని భర్త రిత్విక్ బాబాయ్ కాయల్లో వడదెబ్బ తగిలి పడిపోయాడు. ఆ వేడిగాలికి డ్రోన్లు లేవవు. మందుల గిడ్డంగి బంగ్లాల వార్డులో ఉంది. అక్కడి నుంచి పుల్లారావు అనే టపామనిషి సూదిమందు పెట్టెతో బయల్దేరాడు. చలువ కోటు వేసుకునే బయల్దేరాడు. ఆ కోటు లోపలి చలువ ఇరవై రెండు నిమిషాలే ఉంటుందని, పరీక్షకి కూడా అందుకే ఇరవై రెండు పెట్టారని మీకు తెలుసు. పద్దెనిమిదో నిమిషంలో అతను మా కల్వర్టు దగ్గర దీపస్తంభానికి చేరగిలబడి కూర్చుండిపోయాడు. అక్కణ్ణుంచి మా వీధి రెండు వందల మీటర్లు. ఒళ్ళో పెట్టె ఉంది. వీధిలోకి కనిపిస్తోంది. లేవలేకపోయాడు.

పిన్ని చెప్పులు కూడా లేకుండా నడిచి వెళ్ళి పెట్టె తెచ్చింది. తెచ్చేసరికి దాని అవసరం తీరిపోయింది.

నేను ఆ వీధిలోనే, మూడో ఇంట్లో, నిద్రపోతున్నాను.

మా వార్డుకి ఇంతవరకూ సొంత టపామనిషి లేడు. ఎనిమిదేళ్ళలో మావాళ్ళు పదకొండు మంది పరీక్షకి వెళ్ళారు. పరీక్ష సాయంత్రం ఆరింటికి, బంగ్లాల వార్డు గడ్డి మీద. రోజూ ఆ గడ్డి మీదే, ఆ వేళకే పరిగెత్తేవాళ్ళతో మిరప ఘాటులో సగం నిద్రలో తయారైనవాళ్ళు పోటీ పడ్డారు. పదకొండు మందీ ఓడిపోయారు. నేను పన్నెండో దాన్ని. కోపం ఎందుకని అడిగారు కాబట్టి ఇంత రాశాను.

రోజు 12

వేళ: మధ్యాహ్నం మూడు, నేలమాళిగ దారిలో నీడ శాఖకి. దూరం: నడక. నాడి: రాయదలుచుకోలేదు.

వ్యాఖ్య: ఈ వేళల పట్టిక తయారుచేసిన మహానుభావుడి పేరు కనుక్కుని, అతని మీద ఫిర్యాదు పెట్టాలని వెళ్ళాను. దారి పొడవునా వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. అందులో 'అమానుషం' అన్న మాట నాలుగు సార్లు వచ్చింది.

రెహాన్ బాషా గారు అరవై దాటిన మనిషి. బల్ల మీద నా పుస్తకం లాంటివి ఓ గుట్ట. కూర్చోమని నీళ్ళిచ్చారు. నేను కూర్చోలేదు. నీళ్ళు తాగాను.

"ఒంటిగంటా పదిహేను ఎవరు పెట్టారండీ? పేరు కావాలి నాకు."

"మేం పెట్టలేదు తల్లీ. ఎనిమిదేళ్ళ కిందట గొడుగు వచ్చినప్పుడు ఏ వేళ కావాలో వార్డులనే అడిగాం. బంగ్లాలవాళ్ళు షికారు వేళ అడిగారు. పాతబజారువాళ్ళు కొట్లు కట్టేసే వేళ అడిగారు. మీవాళ్ళు ఇది అడిగారు."

"మావాళ్ళా? బుద్ధున్న వాళ్ళెవరైనా ఇది అడుగుతారా?"

ఆయన బీరువా తెరిచి పసుపుపచ్చ కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టారు. దరఖాస్తు. అందులోంచి కొంత:

'అయ్యా! మిట్టమధ్యాహ్నపు మండుటెండకు మా మిరప తన సహజ సౌందర్యమును కోల్పోయి, తెల్లబారి, తాలుకాయగా మారి మా గుండెలను పిండివేయుచున్నది. ఉదయపు టెండ మాకు చాలును, సాయంకాలపు టెండ మాకు చాలును. ఆ మధ్యాహ్నపు నీడను మాత్రము మా మిరపకు ప్రసాదించి, దాని యెరుపును కాపాడ ప్రార్థన.'

చేతిరాత నాది.

పద్నాలుగేళ్ళప్పుడు రాశాను. వార్డులో గుండ్రటి దస్తూరి నాదేనని పిన్ని పిలిచి రాయించింది. రెండు సేమ్యా ఐసులు ఇచ్చింది. కింద నూట పన్నెండు ఇళ్ళ సంతకాలు. మొదటిది రిత్విక్ బాబాయ్‌ది.

"బాగా రాశారమ్మా ఎవరో," అన్నారు రెహాన్ బాషా గారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "దరఖాస్తు ఎలా రాయాలో కొత్తవాళ్ళకి దీన్నే చూపిస్తాం."

అప్పుడు కూర్చున్నాను.

రోజు 13

వేళ: లేదు.

వ్యాఖ్య: మనుషులకి ఏ వేళ మంచిదని ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. నూట పన్నెండు ఇళ్ళలో ఒక్కరికీ తోచలేదు. కాయ ఒంటిరంగు కోసం ఊరి నీడని కుదిర్చిన జాతి భూమ్మీద మాది ఒక్కటే అయ్యుండాలి. ఆ జాతి తరఫున కలం పట్టింది నేను. ఫిర్యాదు నా మీదే పెట్టుకోవాలంటే ఏ పత్రం నింపాలో తెలియజేయగలరు.

రోజు 15

వేళ: ఒంటిగంటా పదిహేను. దూరం: ఒక కిలోమీటరు, తర్వాత వాగ్వాదం. నాడి: రెండోదానికే ఎక్కువ.

వ్యాఖ్య: నూట పన్నెండు ఇళ్ళూ మళ్ళీ సంతకం పెడితే వేళ మారుస్తామని రెహాన్ బాషా గారు అన్నారు. సాయంత్రం నాలుగున్నరకి మార్చమని కొత్త దరఖాస్తు రాసి, రెండు రాత్రులు బడి విరామంలో ఇల్లిల్లూ తిరిగాను. అందరూ "మరి కాయ?" అన్నారు. ఆ తర్వాత "జాహ్నవి పెట్టిందా?" అన్నారు. కాబట్టి ఇవాళ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కాయల్లో కాళ్ళీడుస్తోంది. పక్కనే నడుస్తూ కాగితం చూపించాను.

"ఏందే ఇది?"

"గొడుగు సాయంత్రానికి మార్చమని, పిన్నీ. ఒక్క సంతకం."

"మారిస్తే ఏమయిద్ది?"

"చల్లగా పరిగెడతాను. పరీక్ష నెగ్గుతాను. మన వార్డుకి టపామనిషి వచ్చిద్ది."

ఆవిడ ఆగలేదు. గోడ దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మీ బాబాయ్ పడిపోయింది ఎన్నింటికే?"

జవాబు ఆవిడకి తెలుసు. అయినా నా నోటితో చెప్పించింది. "ఒంటిగంటకి."

"ఆ పుల్లారావు ఏ వేళప్పుడు పరిగెత్తి నేర్చుకున్నాడంట?"

"సాయంత్రం ఆరింటికి."

"మరి నువ్వు గూడా పోయి ఆరింటికే నేర్చుకో. కల్వర్టు కాడ స్తంభానికి రెండోపక్క ఖాళీగానే ఉంది. ఆడ కూర్చుందువుగాని."

"అది కాదు పిన్నీ, పరీక్ష పెట్టేదే ఆరింటికి..."

"పెట్టేవోళ్ళకి బుద్ధి లేకపోతే నీకు చదువు లేదా? ఎనిమిదేళ్ళ కిందట రెండు ఐసులకి అంత గొప్పగా రాశావుగా. ఇప్పుడు రాయి. కావాలంటే మూడు కొనిపెడతా. ముందు ఆ చెప్పు తియ్యి, కాయ చితికిద్ది."

చెప్పు తీశాను. ఈ వార్డులో నాకన్నా ఎక్కువ కోపం ఉన్న మనిషి ఉందని, ఏడాదిగా దాన్ని కాళ్ళతో మిరపకాయల్లోకి తొక్కుతోందని ఇవాళే తెలిసింది.

రోజు 16

వేళ: ఒంటిగంటా పదిహేను. దూరం: నాలుగు. ఇరవై అయిదు నిమిషాలు.

వ్యాఖ్య: నిబంధనల పుస్తకం నలభై పేజీలూ చదివాను. పరీక్ష సాయంత్రం పెట్టాలని ఎక్కడా లేదు. 'తగిన వేళ' అని ఉంది. నా దరఖాస్తు నకలు జతపరుస్తున్నాను.

'అయ్యా! మా వార్డువారు సాయంకాలము ఆరు గంటలకు, చల్లగాలి వీచునపుడు, పచ్చిక సమీపమున వడదెబ్బకు గురియగుటకు ఎంత ప్రయత్నించినను సాధ్యపడుట లేదు. మధ్యాహ్నము ఒంటిగంట ప్రాంతముననే పడిపోవు దురభ్యాసము మాకు కలదు. కావున గొడుగును కదల్చవలదు. పరీక్షను కదల్చ ప్రార్థన. మందుల గిడ్డంగి నుండి ఎర్రకల్లము వరకు, మందు పెట్టె చేతబట్టి, మందు నిజముగా కావలసిన వేళకు పరుగు పెట్టించి చూడుడు.'

నూట పన్నెండు సంతకాలూ ఒక్క రాత్రిలో వచ్చాయి. కాయకి నష్టం లేదని తెలిస్తే మావాళ్ళంత ఉదారులు లేరు. మొదటి గీత మీద జాహ్నవి పిన్ని పెట్టింది. పైన కొంచెం చోటు వదిలి పెట్టింది. ఎందుకని నేను అడగలేదు.

రోజు 23

వేళ: ఒంటిగంటా పదిహేను. దూరం: నాలుగు. ఇరవై మూడు నిమిషాల నలభై సెకన్లు.

వ్యాఖ్య: జవాబు వచ్చింది. ఈ ఒక్కసారికి ప్రయోగాత్మకంగా అంగీకరించారట. ఎనిమిదేళ్ళుగా చేసింది ప్రయోగం కానట్టు!

కింద ఎర్ర సిరా: 'దరఖాస్తు బాగుంది. అదే చేయి అని నీ శిక్షణ పుస్తకం మొదటి పేజీలోనే పోల్చాను తల్లీ. నువ్వే వచ్చి చూసుకుంటావని ఆగాను.'

పన్నెండో రోజు దాకా నన్ను అజ్ఞాత శత్రువు మీద అరవనిచ్చి, నీళ్ళిచ్చి మరీ కూర్చోబెట్టిన ఈ పెద్దమనిషి మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి? ఆయన దగ్గరేనట. కనుక్కున్నాను.

రోజు 31

వేళ: ఒంటిగంటా పదిహేను. దూరం: నాలుగు. ఇరవై రెండు నిమిషాల యాభై సెకన్లు.

వ్యాఖ్య: ఇంకా యాభై సెకన్లు తగ్గాలి. అవి ఎక్కడున్నాయో నాకు తెలుసు. పరీక్ష దారిలో చివరి ముప్పావు కిలోమీటరు మా వీధే. అక్కడ అడుగు వెడల్పు బాటలో పిల్లిలా పరిగెత్తాలి. వీధి ఖాళీగా ఉంటే చాలు. కానీ నీడలోంచి కాయ తీస్తే ఆ మధ్యాహ్నం ఎండకి తెల్లబడుతుంది, తెల్లబడింది తాలుకాయే. ఆ నీడ కాయదేనని కాగితం మీద పెట్టినదాన్ని నేను. అడగడానికి నోరు రాలేదు. ఈ పుస్తకంలో మొదటిసారి కోపం కాకుండా ఇంకేదో రాయాల్సి వస్తోంది, అదొక చికాకు.

రోజు 40. పరీక్ష.

వేళ: మధ్యాహ్నం పన్నెండూ యాభై ఎనిమిది. ఎండలో నలభై తొమ్మిది.

వ్యాఖ్య: అభ్యర్థులు ఏడుగురు. వేళ చూసి ఇద్దరు రాలేదు. మిగిలిన అయిదుగురికీ చలువ కోట్లు, ఉత్త మందు పెట్టెలు ఇచ్చారు. గిడ్డంగి దగ్గర ఈల వేశారు.

బంగ్లాల వార్డు కుర్రాళ్ళు ముగ్గురు జింకల్లా పోయారు. వాళ్ళ వీపులు చూస్తూ నాలుగో దాన్నై పరిగెత్తాను. రెండో కిలోమీటరులో ఒకడు నడిచాడు. పాతబజారు మలుపులో ఇంకొకడు మెట్ల మీద కూర్చుని పెట్టె పక్కన పెట్టుకున్నాడు. వాణ్ణి చూసి నాకు గెలుపు అనిపించలేదు. ఆ పెట్టెలో నిజం మందుంటే అన్న ఆలోచనే వచ్చింది. మూడోవాడి పక్కనుంచి వెళ్ళేటప్పుడు వాడి ఊపిరి వినిపించింది. నాకు ఆ ఊపిరి తెలుసు. ఏడో రోజు నాదీ అంతే.

కల్వర్టు దగ్గర, ఆ స్తంభం పక్కన, నీళ్ళ బిందెతో పుల్లారావు నిలబడి ఉన్నాడు. శాఖవాళ్ళు పెట్టారో, తనే వచ్చాడో తెలియదు. "ఆగొద్దు," అన్నాడు, అంతే. నీళ్ళు నా తల మీద పోశాడు. కోటు అప్పటికే గోరువెచ్చగా అయిపోయింది.

మలుపు తిరిగి గొడుగు నీడలోకి, మా వీధిలోకి వచ్చాను. రోడ్డు మీద ఒక్క కాయ లేదు.

నల్లటి తారు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. అది అంత వెడల్పని ఎప్పుడూ చూడలేదు. నిద్రపోవాల్సిన నూట పన్నెండు ఇళ్ళూ అరుగుల మీద నిలబడి ఉన్నాయి. కాయంతా గొడుగు అంచు అవతల, ఖాళీ స్థలంలో, ఎండలో పట్టాల మీద పడి ఉంది. జాహ్నవి పిన్ని వీధి చివర గడియారం పట్టుకుని నిలబడింది.

"తుమ్మకుండా రావే!" అని అరిచింది.

ఇరవై ఒక్క నిమిషాల నలభై ఆరు సెకన్లు.

ఉద్యోగం, రోజు 2

వేళ: పిలుపు రాలేదు.

వ్యాఖ్య: ఒక ఫిర్యాదు. పొద్దున బడి నుంచి వచ్చేసరికి మా గుమ్మానికి దండ కట్టి ఉంది. నిమ్మకాయల మధ్య పచ్చిమిరపకాయలు ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయిన తాలుకాయలు. పరీక్ష రోజు ఎండలో పడినవి. "దిష్టికి కడితే మంచి కాయ కట్టాలి గదా పిన్నీ," అన్నాను.

"ఆ కాయ ఎవరివల్ల తెల్లబడిందో వాళ్ళ గుమ్మానికే కడతారు," అంది. "రెండు బస్తాలున్నయ్. నిమ్మకాయ ఎండినప్పుడల్లా దండ మారుస్తా."

చేతిలో ఐసు పెట్టింది. మూడు అని మాట ఇచ్చింది. ఒక్కటే పెట్టింది. నమోదు చేయగలరు.

ఉద్యోగం, రోజు 6

వేళ: మధ్యాహ్నం ఒంటిగంటా ఎనిమిది. దూరం: నాలుగు. నాడి: నూట డెబ్భై ఆరు.

వ్యాఖ్య: ఎర్రకల్లం, చివరి వీధి, వడదెబ్బ. మందు అందింది. మనిషి లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగింది.

ఇంకో రెండు పంక్తులు ఖాళీగా ఉన్నాయి.